అక్షతలు తేల్చిన రంగు

నేను ఒక నీలి రేకును. గోరంత వెడల్పు, ఉల్లిపొరంత మందం. రంగు పూసిన పలుచని ప్లాస్టిక్ తావును యంత్రం తుంపులు చేసినప్పుడు పుట్టాను. గ్యారేజీ నేలకు పూత పోసి, తడి ఆరకముందే మా వాళ్లను దానిపై వెదజల్లుతారు. నన్ను మాత్రం నా తోటి నీలాలతో కలిపి ఒక నమూనా పలకకు అతికించారు. పూత పనివాడు దావీదు సంచిలో ఊరూరా తిరిగాను. ఏ ఇంటా నన్నెవరూ కోరలేదు. బూడిద, తెలుపు, గంధం రంగులు కలిసిన పక్క పలకనే అందరూ ముద్దుచేసేవారు. మరకను తుడవడం కన్న మరక కనబడని నేలను కొనడం మానవులకు సులభం.

కాకినాడలో స్కూటర్లు బాగుచేసే సత్తిరాజు షెడ్డులోనూ అదే జరగబోయింది.

"ఇదైతే నూనె పడినా తెలీదు నాన్నా," అంది ఆయనతో కలిసి పనిచేసే కూతురు భ్రమరాంబ, బూడిద పలక చూపి.

"నీకు నచ్చితే అదే కానీ," అన్నాడాయన.

ఆయన భార్య చిట్టెమ్మ ఏ శుభకార్యాన్నీ అక్షతలు లేక ఆరంభించదు. దేవుని తలచి పలకలన్నిటి మీదా చల్లింది. ఆపై, "కాళ్లకింద పడకూడదు, ఏరి ఇవ్వండి," అంది భర్తతో.

ఆయన బూడిద పలకను వేళ్లతో తడిమి రెండు గింజలు తీశాడు. "అయిపోయాయి."

"అయిపోవడమేంటండీ, ఇంకా అరడజను అక్కడే ఉంటేనూ. మొన్న పప్పు ఏరమంటే రాళ్లు మిగిల్చినప్పుడే అనుకున్నాను."

భ్రమరాంబ నవ్వలేదు. నా పలకను తండ్రి ముందుకు జరిపింది. మా నీలం మీద పచ్చని గింజలు చుక్కల్లా మెరిశాయి. ఆయన ఒక్కటి విడవకుండా ఏరాడు.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

"దసరా నుంచి. డాక్టర్లు కళ్లద్దాలు మార్చారు, చూపు ఇంతకు మించి రాదన్నారు. కిందపడ్డ మర దొరక్కపోతే కొత్తది బిగించేస్తున్నా. కొత్త నేల పడ్డాక ఇంక పని నీకొదిలేసి కూర్చుందామనుకున్నా."

చిట్టెమ్మ బూడిద పలక మీద మిగిలిన గింజలను తనే ఏరుకుంది.

"నీలం వెయ్యండి," అంది భ్రమరాంబ దావీదుతో.

"మరకలు కనపడతాయండి. తర్వాత నన్ననకూడదు."

"కనపడనివ్వండి. తుడుచుకుంటాం."

అందరూ వలదన్న రంగునే నాకిచ్చి, దాని అక్కర ఉన్న ఒక్క మనిషి ముంగిట నన్ను నిలిపిన పరమాత్మకు ఏమిచ్చి ఋణం తీర్చుకోను? చేతులు లేవు, ఉన్నచోటనే పడి ఉండి నమస్కరించాను.

దావీదు నేలకు నీలం పూత ముగించి, నా పలకను వారికే వదిలి వెళ్లాడు. ఇప్పుడు సత్తిరాజు విప్పిన మరలను నాపైనే పెడతాడు. నిన్న ఒకటి దొర్లి నీలి నేలమీద పడింది. పక్క బండి దగ్గర కూర్చున్న భ్రమరాంబ చూసింది, లేవలేదు. ఆయన వంగాడు, తీశాడు, ఉఫ్‌మని ఊది బిగించాడు. పని సాగుతూనే ఉంది.