నీటిబల్లులకు టేబుల్ ఫ్యాను

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు వేసవిలో ఏలూరులో మా ఇంట్లో ఫ్యాను గాలికి హాయిగా పడుకునే భాగ్యం ఇద్దరికే దక్కింది. ఆ ఇద్దరిలో నేను లేను. మా ఆయనా లేరు.

మా ఆయన పేరు ఈశ్వరప్రసాద్. నోటితో చెప్పను గానీ రాయడానికి నాకు అభ్యంతరం లేదు. కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరు. ఆయన స్నేహితుడెవరో డార్జిలింగు తేయాకు తోటల్లో పనిచేస్తూ, బిస్కెట్ల డబ్బాలో తడినాచు పరిచి, హౌరా మెయిల్లో రెండు సాలమాండర్లను పంపాడు. జానెడు పొడుగు, బెల్లం పాకం రంగు, వీపుకి రెండు పక్కలా నారింజ రంగు బొడిపెలు. మొహాలు మాత్రం సెలవు దొరకని గుమాస్తాల మొహాలు. మగదీ ఆడదీ అని మా ఆయన చెప్పారు కాబట్టి నమ్మాను. నా దృష్టిలో అవి నీటిబల్లులు, అంతే.

వాటికి ఎండ పడదట. నాకు పడుతుందని ఎవరు చెప్పారో తెలియదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి, మా ముందుగదిలో గాజుతొట్టి, దాని చుట్టూ తడి గోనెపట్టా, కలకత్తా వెళ్ళే చేపల పెట్టెలకి వాడే ఐసులోంచి రోజూ ఒక గడ్డ, వీటన్నిటికీ ఎదురుగా మా నాన్న గణపవరం నుంచి బెజవాడ దాకా వెళ్ళి నా కోసం కొనితెచ్చిన టేబుల్ ఫ్యాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మా ఆయన దాన్ని బల్లులకి ధారపోశారు. నేను తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, విసిరినప్పుడల్లా ఒక మాట అంటూ ఉండేదాన్ని.

చివరికి ఆయనే దిగొచ్చారు.

"ఒక్క పిల్ల పుట్టనీ శేషారత్నం. తొట్టి మొత్తం కాలేజీకి తోలేస్తాను. ఫ్యాను నీది."

"పుట్టకపోతేనో?"

"ఇంకో రెండు జతలు తెప్పించి పై ఏడు మళ్ళీ చూస్తాను."

ఆ మాట విన్నాక ఆ జంట సంతానం కోసం కొల్లేటికోట పెద్దింట్లమ్మకి కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఎవరి కడుపు పండితే నాకు గాలి వస్తుందో వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి కదా.

మాకు చేపలు తెచ్చే నూకరత్నానిది గుండుగొలను అవతల కొల్లేటి లంక. బల్లులకి ఎర్రలు తేవడం, తొట్టి నీళ్ళు మార్చడం కూడా ఆవిడ పనే. ఎండకి చేప వాడిపోకుండా తట్టలో తడినాచు కప్పుకోవడం ఆవిడ అలవాటు. అందుకని మా తొట్టిలో నాచు ఎక్కువైనప్పుడల్లా ఇంత తీసి, పెరట్లో అరటిచెట్ల కింద, నూతి పక్కనున్న రాతితొట్టిలో పడేసి దాచుకునేది.

మృగశిర తొలివాన పడింది. మర్నాడు నూకరత్నం నాచు పలచన చేసి వెళ్ళింది. ఆ మర్నాడు పొద్దున మా ఆయన ముందుగదిలోంచి కేక పెట్టారు. నాచు ఆకులకి నానిన సగ్గుబియ్యం గింజల్లాంటి గుడ్లు, ఇరవై మూడు. ఆయన మూడుసార్లు లెక్కపెట్టారు, నేను నాలుగుసార్లు.

ఆయనకేమో పరీక్ష పేపర్లు దిద్దడానికి వాల్తేరు నుంచి పిలుపు. వెళ్ళేముందు తల్లినీ తండ్రినీ తీసి ఇత్తడి గంగాళంలో వేశారు.

"వీటిని గుడ్ల దగ్గరికి రానివ్వకు. తమ గుడ్లు తామే తింటాయి," అని నాకు చెప్పారు. నూకరత్నానికి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చేపల సంగతి ఆవిడకి చెప్పేటంతటి దాన్నా నేను.

మూడో రోజు పక్కింటి వీరరాఘవమ్మగారికి జాడీ మూత కట్టడంలో సాయం చేసి వచ్చేసరికి గంగాళం ఖాళీగా ఉంది. నూకరత్నం గాజుతొట్టి ముందు బాసింపట్టు వేసుక్కూచుని తృప్తిగా చూస్తోంది.

"తల్లినీ తండ్రినీ తెచ్చి గుడ్లకాడ ఏశానండి అమ్మగారూ. అయ్యగారు సదువుకున్నోరే గానీ, బాలింతని గంగాళంలో ఎడతారేటండీ పాపం. మా కొరమీనుని సూడండి, గుడ్లకాడ్నించి కదల్దు. పిల్లలు ఎర్రగా బంతిలాగ పైన తిరుగుతుంటే, కింద తల్లీ తండ్రీ కాపలా. సెయ్యెడితే ఏలు కొరికేత్తాయండి."

నేను తొట్టి దగ్గరికి వంగి చూశాను. ఆకులన్నీ ఖాళీ. తల్లి గారు నెమ్మదిగా నములుతున్నారు. ఆఖరి గుడ్డు తండ్రి నోట్లో ఉంది.

"నూకరత్నం, కాపలా బాగానే కాస్తున్నాయి. గుడ్లేవీ?"

ఆవిడ చూసింది. మళ్ళీ చూసింది. "ఇది కన్నతల్లేనాండీ," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ గుడ్ల కోసం ఏడ్చింది, నేను ఫ్యాను కోసం ఏడ్చాను. ఇద్దరం ఒకరినొకరం ఓదార్చుకున్నాం. ఆ తర్వాత మూడురోజులు ఆవిడ వాటికి ఒక్క ఎర్ర వెయ్యలేదు. "తిన్నది అరగనియ్యండి," అంది.

పదకొండో రోజు మధ్యాహ్నం మా ఆయన వాల్తేరు నుంచి దిగారు. కాళ్ళు కడుక్కోనిచ్చి, మజ్జిగ ఇచ్చి, సంగతి చెప్పాను. ఆయన ఖాళీ ఆకుల్ని చూస్తూ కుర్చీలో కూలబడ్డారు. ఆయనకి కోపం వస్తే నేనూ రెండు మాటలు అందును. అలా చిన్నబోయి కూర్చునేసరికి, ఇంకో రెండు జతలు తెప్పించుకోండి అని నా నోటితో నేనే అనబోయాను.

అప్పుడే తట్టలోకి నాచు తీసుకుందామని పెరట్లోకి వెళ్ళిన నూకరత్నం పిలిచింది.

"అమ్మగారూ, ఇలా రండి. ఈ రాతితొట్టిలో మెడలకి ఈకలున్న సేపపిల్లలున్నాయండి."

ఇద్దరం పరుగెత్తాం. వేలిగోరంత పొడుగున, మెడకి రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలతో, పదకొండు. తొలివాన మర్నాడు తీసిపడేసిన నాచుకే అప్పటికే గుడ్లున్నాయన్నమాట. ఐసు లేదు, గోనెపట్టా లేదు, ఫ్యాను అసలే లేదు. అరటాకు నీడలో వాటంతటవే పుట్టాయి. నేను మా ఆయన వంక చూశాను. ఆయన అరటిచెట్టు వంక చూశారు.

"రేపే అన్నిటినీ కాలేజీకి పంపించేస్తాను," అన్నారు.

"పసిగుడ్లని ఇరవయ్యొక్కరోజు కాకుండా గడప దాటిత్తారాండీ," అంది నూకరత్నం. "ఆ తినేసేవోళ్ళని పంపండి ముందు."

నేను ఆవిడనే సమర్థించాను. తల్లీతండ్రులు ఆ సాయంత్రమే రిక్షా ఎక్కాయి.

మర్నాడు మధ్యాహ్నం ఫ్యాను నా మంచం దగ్గరికి చేర్చుకుని, రెండునెలల నిద్ర ఒక్కసారే పోదామని పడుకున్నాను. గాలి బ్రహ్మాండంగా ఉంది. నిద్ర మాత్రం రాలేదు. కిటికీలోంచి చూస్తే, మా ఆయన నూతి దగ్గర గొంతుక్కూచుని, చెమటలు కారుతుండగా, నా విసనకర్రతో రాతితొట్టి మీద విసురుతున్నారు.

లేచి ఫ్యాను పట్టుకుని పెరటివైపు నడిచాను. వైరు గడప దాకానే వచ్చింది. దాన్ని అక్కడే రాతితొట్టి వైపు తిప్పిపెట్టి, గాలి ముందు నాకు తగిలి తర్వాత పిల్లలకి పోయేలాగా దాని ముందు పీట వేసుక్కూచున్నాను.