కవరు విప్పని లాంతరు రాజ్యం

కళ్ళజోళ్ళ షాపులో కొత్త జోడు అందుకున్న ప్రతి మనిషికీ అద్దాలాయన ఒక ఉపన్యాసం ఉచితంగా ఇస్తాడు. "ఇంటికెళ్ళి బీరువాలో దాచకండి. ఫంక్షన్లకి మాత్రమే పెట్టుకుంటానంటే ఈలోపు మీ చూపు మారిపోతుంది. పెట్టెలో ఉన్న కళ్ళజోడు ఎవరికీ ఏమీ చూపించదు." ఆ ఆఖరి మాట దగ్గర కాస్త ఆగి, ఎదుటివాళ్ళు తలూపేదాకా పెట్టె చేతికివ్వడు. వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళు గోడ మీద అక్షరాల పట్టిక చదువుకుంటూ కాలక్షేపం చేస్తారు.

ఇదే అద్దాలాయన ఇంట్లో, హాల్లో, గాజు తలుపుల అలమారలో, ఒక వీడియో గేమ్ క్యాసెట్టు కవరు విప్పకుండా ఉంది. పేరు 'లాంతరు రాజ్యం'. ఎప్పుడో జపాన్‌లో తయారై, అక్కడే ఎవరూ పట్టించుకోక, చేతులు మారి మారి ఒక పాత సామాన్ల కొట్టుకు చేరింది. పెళ్ళైన కొత్తలో మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి ఏరుకున్నారు. అట్ట మీద ఇద్దరు మనుషులు ఒకే లాంతరు పట్టుకుని నడుస్తున్న బొమ్మ ఉంటుంది. ఇద్దరు కలిసి ఆడే ఆట. "తీరిక చూసుకుని విప్పుదాం" అన్నాడాయన. తర్వాత షాపు వచ్చింది, ఆవిడకి మందుల షాపులో ఉద్యోగం వచ్చింది, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. తీరిక మాత్రం రాలేదు.

అంటే ఆయన ఆటలు ఆడడని కాదు. షాపు మూసి వచ్చాక లోపలి గదిలో తలుపేసుకుని ఆడేది అవే. వాటిలో ఒక కుర్రాడు ఊరు వదిలి బయల్దేరతాడు, దారిలో నలుగురు తోడవుతారు, ఎదురైన రాక్షసుడితో నువ్వొక దెబ్బ నేనొక దెబ్బ అంటూ మర్యాదగా కొట్టుకుంటారు, మధ్యమధ్య స్నేహం గురించి అరగంటసేపు మాట్లాడుకుంటారు. ఇలాంటి జపాన్ ఆటల మీద మోజున్నవాళ్ళకి ఒక ఆన్‌లైన్ సంఘం ఉంది. అందులో ఒకే ఒక్క నియమం: ఆట ఎవరికీ తెలియనిదై ఉండాలి. పదిమందికి తెలిసిందంటే దాని పరువు పోయినట్టే. స్నేహం గురించి ఇన్నేసి గంటలు ఒంటరిగా కూర్చుని నేర్చుకున్న మనుషులు ఇంకెక్కడా కనబడరు.

ఆ సంఘంలో అద్దాలాయనకి 'సీలు సార్వభౌముడు' అని బిరుదు. కవరు విప్పని లాంతరు రాజ్యం వాళ్ళెవరి దగ్గరా లేదు. ఏడాదికోసారి దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి ఫోటో పెడతాడు. చూసినవాళ్ళంతా దణ్ణాలు పెడతారు. ఆడి ఏం చూశావని ఇంతవరకూ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

సంఘం పెద్ద గడ్డం మాస్టారు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతాడు. ఏటా ఒక నెలకి ఒక పేరు పెట్టి, ఆ నెలంతా అందరూ ఒక తరహా ఆటలే ఆడాలంటాడు. ఈసారి ఆయనకి ఏం పుట్టిందో, 'కవరు విప్పని ఆటల మాసం' అని ప్రకటించాడు. కొని దాచిన జపాన్ ఆట ఒకటి విప్పాలి, నెలాఖరులోగా పూర్తి చెయ్యాలి.

సంఘంలో వెంటనే చర్చ మొదలైంది. విప్పడమంటే ఏమిటి? సంఘంలో టైలరమ్మ అని ఒకావిడ ఉంది. "కింద కుట్టు విప్పినట్టు సన్నగా కోసి, ఆట బయటికి తీసి, మళ్ళీ అతికించేస్తే విప్పినట్టా కాదా?" అని అడిగింది. దీని మీద వారం గడిచింది. ఈలోపు అందరూ చడీచప్పుడు లేకుండా ఒకటే పని చేశారు. తాము దాచుకున్న ఆటకే ఇంకెవరో వాడేసిన రెండో కాపీ తెప్పించుకున్నారు. ఆడటానికి అది, చూసుకోవడానికి ఇది. గడ్డం మాస్టారు రెండోది కూడా కవరుతోనే దొరికిందని, మూడోదాని కోసం వెతుకుతున్నాడట.

అద్దాలాయనా తెప్పించాడు. పార్శిల్ వచ్చేసరికి ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంది. సాయంత్రం ఆయన చెప్పులు విప్పేసరికి బల్ల మీద రెండు లాంతరు రాజ్యాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి తళతళా మెరుస్తోంది. ఒకటి మూలలు నలిగి, మీద ఎవరో పిల్లాడు పెన్నుతో గీసిన గీతతో ఉంది.

"ఇదేంటండీ?" అంది ఆవిడ.

"అది ఆడటానికి," అని నీళ్ళు నమిలాడు.

"మరి ఇది?"

"అది... ఉంచుకోవడానికి."

"అంటే మనకి వాడేసింది, అలమారకి కొత్తది."

"అలా కాదే. ఒకసారి విప్పితే మళ్ళీ రాదు కదా. దాని విలువ నీకు తెలీదు."

"తెలీదు. నేను కొన్నది ఆడటానికి. మీరు షాపులో అందరికీ చెబుతారే, పెట్టెలో ఉన్న కళ్ళజోడు ఎవరికీ ఏమీ చూపించదని. అది ఎవరికండీ?"

ఉపన్యాసం ఇచ్చేవాడికి దాన్ని ఎవరైనా వింటారన్న అనుమానం ఎప్పుడూ రాదు.

"పోన్లెండి," అంది ఆవిడ, కోపం ఏమీ లేకుండా. "ఇన్నేళ్ళూ విప్పుదామని అడిగాను. ఇక అడగను."

ఆవిడ అరిచి ఉంటే ఆయన హాయిగా ఓ పూట అలిగేవాడు. ఇది అది కాదు. ఆవిడ ఒకటి అడగడం మానేసిందంటే మానేసినట్టే. సాయంత్రం నడకకి రమ్మని చాలాకాలం అడిగింది, మానేసింది, ఇప్పుడు పక్కింటావిడతో వెళుతోంది. సినిమాకి రమ్మనడం మానేసింది, ఇప్పుడు తన షాపువాళ్ళతో చూసొస్తోంది. నవ్వుతూనే వస్తోంది. ఆయన్ని అడిగేవి ఇంక ఎన్ని మిగిలాయా అని ఆయన వెతికి చూసుకుంటే, ఈ అట్టపెట్టె ఒక్కటే కనబడింది. ఇదీ పోతే ఆ ఇంట్లో ఆయన అద్దెకున్నవాడితో సమానం. అద్దాలాయనకి నిజంగా భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే నలిగిన కాపీని తిరిగి పార్శిల్ చేసి పంపేశాడు. కొత్తదాన్ని తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"నువ్వే విప్పు. నా చేతులు వణుకుతాయి," అన్నాడు.

ఆవిడ మందుల షాపు మనిషి. రోజూ ఎన్ని అట్టలు చింపుతుందో లెక్కలేదు. గోరు పెట్టి సర్రున చింపేసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. సంఘంలో ఈ వార్త పెట్టగానే సంతాపాలు వెల్లువెత్తాయి. "ధైర్యంగా ఉండండి" అన్నాడు గడ్డం మాస్టారు. "కవరు ముక్కలు పారెయ్యకండి, నేను చూస్తాను" అంది టైలరమ్మ. అప్పటికే ఇంట్లో ఆవిడ వాటిని చెత్తబుట్టలో వేసి, బుట్ట బయట పెట్టేసింది కూడా.

ఆటల మిషను హాల్లో టీవీకి తగిలించి ఆ పూటంతా ఆడి, ఆటని సేవ్ చేసుకుని పడుకున్నారు. మర్నాడు పెడితే మళ్ళీ మొదటి నుంచే వచ్చింది. మరోసారి ప్రయత్నించినా అంతే. గడ్డం మాస్టారు బోధించాక సంగతి తెలిసింది. పాత క్యాసెట్టుల్లో మాత్రబిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఎక్కడిదాకా ఆడామో గుర్తుపెట్టుకునేది అదే. కవరులో కూర్చుని కూర్చుని అది ఎప్పుడో చచ్చిపోయింది. పెన్ను గీత ఉన్న కాపీని ఎవరో ఆడుతూ ఉన్నారు గనక బ్యాటరీ మార్పించుకునే ఉంటారు. మచ్చ పడకుండా కాపాడినదానికి మాత్రం మతిమరుపు వచ్చింది.

"గడువు తీరిపోయింది," అంది ఆవిడ. "వాడినా వాడకపోయినా తీరుతుందండీ. మా షాపులో రోజూ చూసేదే."

"మా వాళ్ళకి తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు. పంపిస్తే మార్చి ఇస్తాడు. కాస్త టైం పడుతుంది, వచ్చాక తీరిగ్గా..."

"మళ్ళీ పెట్టెలో పెట్టి పంపిస్తారా? నేనొప్పుకోను. మిషను ఆపకపోతే మరిచిపోదు కదా?"

"మరిచిపోదు."

"అయితే ఆపొద్దు."

అలా ఆ ఇంట్లో ఒక మిషను నిద్రాహారాలు మాని వెలుగుతూ ఉండిపోయింది. ప్లగ్గు పక్కన కుర్చీ అడ్డం పెట్టారు. ఇస్త్రీపెట్టెని వంటింటికి తరిమేశారు. ఊడవడానికి వచ్చేవాళ్ళని ఆ మూలకి వెళ్ళొద్దన్నారు. ఇంటికొచ్చిన బంధువులకి, లోపల పసిబిడ్డ పడుకున్నట్టు, ఆవిడ వేలు చూపించి నెమ్మదిగా నడవమంది.

ఆటంతా జపాన్ భాషలో ఉంది. సంఘంలో ఎవరో మహానుభావుడు చేసిన అనువాదాన్ని ఆయన ఫోనులో దగ్గర పెట్టుకుని, ఒక్క ముక్క పొల్లుపోకుండా చదివి వినిపించబోయాడు. మొదటి ఊళ్ళోనే ఒక ముసలాయన గుమ్మంలో నిలబడి చేతులూపుతూ ఏదో అంటాడు.

"రాజ్యం ప్రమాదంలో ఉందంటున్నాడు," అన్నాడు అద్దాలాయన.

"మొహం చూడండి. రాజ్యం కాదు, అద్దె అడుగుతున్నాడు."

"అనువాదంలో స్పష్టంగా ఉంది."

"అనువాదం చేసినవాడు సొంతింట్లో ఉండుంటాడు."

అప్పటి నుంచి కథ రెండు దారుల్లో నడిచింది. ఆయన ఫోనులో మంత్రి కుట్ర పన్నుతున్నాడు, ఆవిడ కథలో అదే మంత్రి బావమరిదికి ఉద్యోగం అడుగుతున్నాడు. ఆయన ప్రతిసారీ సరిదిద్దాడు, ఆవిడ ప్రతిసారీ వినలేదు. ఇంకో పేచీ మందుల దగ్గర. ఇలాంటి ఆటలు ఆడేవాళ్ళు దెబ్బలు మాన్పే మంచి మందు దొరికితే ఆఖరి రాక్షసుడి కోసం దాస్తారు. ఆఖరి రాక్షసుడు వచ్చాక, ఇంకా ఆఖరివాడు ఎవడైనా వస్తాడేమోనని దాస్తారు. ఆవిడ దెబ్బ తగిలినప్పుడల్లా మందు పట్టేసింది.

"అయ్యో, అది ఇప్పుడు వాడతారా ఎవరైనా!"

"దెబ్బ ఇప్పుడు తగిలింది మరి," అంది.

వింతేమిటంటే, ఆ మందులు ఎప్పుడూ అయిపోలేదు. ఆవిడ పక్కింటావిడకి ఈ నెల నడకకి రానని చెప్పేసింది. అది విన్న పూట ఆయన షాపులో ఉపన్యాసం మరిచిపోయి, జోళ్ళు ఊరికే చేతికిచ్చి పంపేశాడు.

నెలాఖరు ఆదివారం మధ్యాహ్నానికి వాళ్ళిద్దరూ ఆఖరి కోట తలుపు ముందుకొచ్చి నిలబడ్డారు. తెర మీద ఇద్దరు మనుషులు, మధ్యలో లాంతరు, అచ్చం అట్ట మీద బొమ్మలాగే. సంఘంలో ఒక్కరు కూడా సగం దాటలేదని అద్దాలాయనకి తెలుసు. గడ్డం మాస్టారు ఇంకా మూడో కాపీ వేటలోనే ఉన్నాడు. ఆయనలో సార్వభౌముడు ఒళ్ళు విరుచుకుని లేచాడు.

"ఒక్క నిమిషం. ఫోటో తీసి సంఘంలో పెడతాను."

"అయ్యాక పెట్టుకోవచ్చుగా?"

"తలుపు తెరవక ముందు తీస్తేనే అందం."

తెర మీద వెలుతురు పడుతోందని కర్టెను లాగడానికి వెళ్ళాడు. దారికి అడ్డంగా ఉందని కుర్చీ జరిపాడు. ఫోనులోంచి చూస్తూ వెనక్కి ఒక అడుగు, ఇంకో అడుగు వేశాడు. మడమకి వైరు తగిలింది. 'టక్' మని చిన్న చప్పుడైంది. తెర నల్లబడింది.

అద్దాలాయన చేతిలో ఫోను మాత్రం ఫోటో బ్రహ్మాండంగా వచ్చిందని చూపిస్తోంది. ఆవిడ జాయ్‌స్టిక్కు పట్టుకునే ఉంది. తెర వైపే చూస్తోంది.

"పోనీ, ఎలాగూ పోయింది కాబట్టి," అన్నాడు, "ఆ మెకానిక్‌కి పంపించి, బ్యాటరీ మార్పించి, వచ్చాక తీరిగ్గా..."

ఆ మాట దగ్గర తన గొంతు తనకే వినబడింది. ఆవిడ తల తిప్పి ఆయన వైపు చూసింది. ఏమీ అడగలేదు.

ఆయన ఫోను తీసుకెళ్ళి గాజు అలమారలో, ఖాళీ అయిన చోట పెట్టి తలుపేశాడు. మోకాళ్ళు పట్టుకుని నేల మీద వంగి, ప్లగ్గు వెతికి గోడకి గుచ్చాడు. కుర్చీ మళ్ళీ అడ్డం పెట్టాడు. వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, రెండో జాయ్‌స్టిక్కు అందుకున్నాడు. తెర వెలిగింది. మొదటి ఊరు, మొదటి వీధి. గుమ్మంలో ముసలాయన చేతులూపుతూ నిలబడి ఉన్నాడు.

"ఏమంటున్నాడు?" అంది ఆవిడ. గొంతులో ఇంకా కాస్త బిగువుంది. "రాజ్యం ప్రమాదంలో ఉందనా?"

"కాదు," అన్నాడు అద్దాలాయన. "అద్దె అడుగుతున్నాడు."