కంపెనీ పిట్ట

కంపెనీ గుర్తు మార్చిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లు పనిలేక గీస్తారు, విజిటింగ్ కార్డు నుంచి నీళ్ల గ్లాసు దాకా మార్చలేక ఇక్కడ మేం చస్తాం. వరంగల్‌లో ఈ కార్ల షోరూం తెరిచినప్పుడు కంపెనీ గుర్తు నిండైన పాలపిట్ట. ముక్కు, కన్ను, నీలి రెక్కలు, చుట్టూ చక్రం. కొన్నాళ్లకు చక్రం పోయింది. తర్వాత ముక్కూ కన్నూ పోయి ఒట్టి రెక్క మిగిలింది, దానికో వెండి మెరుపు. ఇప్పుడు ఆ మెరుపూ లేదు. రెండు నల్ల గీతలు, అంతే. ఫోన్లో చిన్నగా ఉన్నా కనిపించాలంటే ఇట్లాగే ఉండాలట. మళ్లీసారి చుక్క పెట్టి పిట్ట అనుకోమంటారు కాబోలు!

నేను ఇక్కడే రిసెప్షన్‌లో కూర్చుంటాను. నా వెనక గోడకున్న జంపఖానా మా బాపు నేసింది. పేరు రాజమల్లు, కొత్తవాడలో నేతపని. షోరూం తెరిచేటప్పుడు ఓనరు కంపెనీ పాలపిట్టను జంపఖానాలో నేసిమ్మన్నాడు. బాపు మనసుకు నచ్చిన నీలం వచ్చేదాకా దారానికి మళ్లీ మళ్లీ రంగు వేయించాడు. ఈకకొక నీలం. అది చూడ్డానికి వాడకట్టంతా మా మగ్గం దగ్గరికి వచ్చేది. తర్వాత ఎన్ని గుర్తులు మారినా ఓనరు దాన్ని మాత్రం గోడ మీద నుంచి తీయలేదు.

పోయినేడు పక్షవాతంతో బాపు కుడిచెయ్యి పడిపోయింది. మగ్గం విప్పేశాం. జన్మంతా జంపఖానాలు నేసిన మనిషి ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు, నేసిందల్లా అమ్ముకున్నదే. మేం కూర్చునేది ప్లాస్టిక్ చాప మీద. ఈసారి షోరూం మొత్తం మారుస్తారట అని అన్నం తింటూ నేను అనగానే బాపు ముద్ద ఆపాడు.

"అయితే నా పిట్టను దించుతరా బిడ్డా?"

"దించక ఏం జేస్తరు?"

"ఇంటికి తేరాదూ? నా చేతిదొకటి జర కండ్ల ముందట ఉంటది."

"తెత్త బాపు. ఫికర్ చేయకు."

ఎంత సులువుగా అనేశానో.

తెల్లారి మేనేజర్ రాజేశ్వర్ రావు సారును అడిగితే ఆయన నా మొహం చూడలేదు. "పాత గుర్తున్నది ఏదీ బయటికి పోవద్దట నవతా. గుర్తు కనపడకుండ కోసి, ఫొటో తీసి కంపెనీ యాప్‌ల పెట్టాలె. అప్పుడే కొత్త బోర్డు పంపుతరు. ఓనరు గూడ ఏం జేయలేడు."

"గిదేం రూలు సార్? ఇదివరకు లేదు గదా!"

"ఎవడో పాత బోర్డు పెట్టుకొని దొంగ పార్టులు అమ్మిండట."

"జంపఖానా పెట్టుకొని ఎవడన్న కారు పార్టులు అమ్ముతడా?"

సారు పాపం నా ముందే పైవాళ్లకు ఫోన్ చేశాడు. ఫోన్లో అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. మా బాధ అర్థమైందంది, కానీ జంపఖానా ఫొటో కూడా రికార్డులో ఉంది కాబట్టి తన చేతిలో ఏమీ లేదంది. ఎవరి చేతిలో ఉందో మాత్రం చెప్పలేదు.

"పోనీ తిరగేసి పరుచుకుంటే?" అన్నాడు సారు.

"జంపఖానాకు వెనక దిక్కు ఉండదు సార్. ఎటు తిప్పినా పిట్టే."

"పిట్ట వరకు విప్పలేరా?"

అది మీద కుట్టిన బొమ్మ కాదు, నేతలోనే ఉంది. పిట్టను విప్పితే జంపఖానాయే ఉండదు. అదే చెప్పాను. సారు తల పట్టుకున్నాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాపు ఆగలేక ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మను వెంటబెట్టుకుని ఆటోలో షోరూంకే వచ్చేశాడు. అప్పటికే జంపఖానాను దించి నేల మీద పరిచారు. బాపు దాని పక్కన కూలబడి ఎడమచేత్తో ఈకలు నిమురుతుంటే ఇక దాచలేక అంతా చెప్పాను.

"సారూ, ఎవ్వలకు సూపియ్య. ఇంట్లనే పెట్టుకుంట" అన్నాడు బాపు.

సారు చేతులు జోడించాడు. "నా నౌకరి పోతది పెద్దమనిషీ. నీ బిడ్డది గూడ పోతది."

బాపు నా దిక్కు చూశాడు. జంపఖానా మీది నుంచి చెయ్యి తీశాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

వర్క్‌షాపు నుంచి పెద్ద కత్తెర తెచ్చారు. ఇంకొకరు జంపఖానాను ముట్టుకుంటే నేను ఓర్చుకోలేను, అందుకే కత్తెర లాక్కున్నాను. నేత గట్టిది, కత్తెర జారిపోతోంది. బాపు ఎడమచేత్తో అంచు బిగబట్టి లాగి పట్టుకున్నాడు. అప్పుడు తెగింది.

రెండు ముక్కలైన పిట్టను సారు ఫొటో తీశాడు. యాప్‌లో ఎర్రటి అక్షరాలు వచ్చాయి. గుర్తు ఇంకా కనిపిస్తోంది, మళ్లీ కోయండి. కోశాను. మళ్లీ ఫొటో తీశాడు. మళ్లీ అదే ఎరుపు.

"ఏమంటాంది బిడ్డా ఆ ఫోను?"

"పిట్ట ఇంక కనవడుతాందట బాపు."

"కనవడక ఎట్లుంటది? నేను నేసింది!" అన్నాడు. ఒక్క క్షణం ఆ మొహం వెలిగింది. అంతలోనే ఇంకో ముక్క అందుకుని, అంచు బిగబట్టి నా ముందుకు జరిపాడు.

"సన్నగ కొయ్యి బిడ్డా. ఈకకు ఈక."

నేను ఏడుస్తూనే కోశాను.