సాయిలత మరునాటి జవాబులు

పొద్దున లేవగానే అనిల బీడీలు చుట్టే తునికాకు కట్ట మీద నీళ్లు చల్లి గోనెసంచిలో చుడుతుంది. ఆకు మెత్తబడేలోపు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, బిడ్డకు జడ వేస్తూ, నిన్న అడిగిన వాటికి జవాబులు వింటుంది. సాయిలతకు ఏ మాట చెప్పినా మరునాడు అదే పొద్దుకు గానీ చెవికి చేరదు.

ఎల్లారెడ్డిలో ఆ వాడకట్టులో దీన్నెవరూ వింతగా చూడరు. ఒకరికి నత్తి ఉంటుంది, ఒకరికి మెల్ల ఉంటుంది, ఈ పిల్లకు ఒకరోజు ఆలస్యం. కిరాణం సుగుణమ్మ "ఏం గావాలె బిడ్డా?" అని ఇవాళే అడిగి పెట్టుకుంటుంది, రేపటి బేరానికి. బడిలో హాజరుకు మాత్రం పిల్ల సరిగ్గా వేళకే పలుకుతుంది, ఒక్క సోమవారం తప్ప. ఆదివారం హాజరు పిలవరు గదా.

చిక్కంతా పాఠాలతోనే. చెవిలో నిన్నటి పాఠం, బోర్డు మీద ఇవాళ్టి పాఠం. పక్కన ఎవరో ఒకరు కూర్చొని పుస్తకంలో నిన్నటి పేజీ తీసిపెడితే పిల్ల గబగబా నేర్చుకుంటుంది. అందుకే అనిల బీడీల చాట ఒళ్లో పెట్టుకొని తరగతి గడప దగ్గరే కూర్చుంటోంది. ఒక ఆయాను ఇస్తే చాలునన్నది ఆమె కోరిక. పిల్ల పేరు బడిలో ఉంచి, చదువు ఇంటి దగ్గరే చెప్పించుకోండన్నది బడి మాట. ఇంటి దగ్గర చదువంటే ఏమిటో అందరికీ తెలుసు. ఎప్పుడో ఒకరు వచ్చి, చాయ్ తాగి, సంతకం తీసుకొని పోతారు. ఏది చేయాలో కామారెడ్డిలో జిల్లా బడుల పెద్దసారు మీటింగు పెట్టి తేలుస్తాడు.

వారానికి రెండుసార్లు వచ్చే ప్రత్యేక టీచరు పద్మప్రియ ఉపాయం చెప్పింది.

"సార్ అడిగేటియి ఇవే అక్కా. పేరు, తరగతి, రంగు, చేతికి వేళ్లెన్ని. రేపు పదకొండుకు పిలుస్తరు. ఇయ్యాల పదకొండుకు ఇంట్ల నువ్వడుగు."

"మోసమైతది గదనే?"

"మోసమేంది? జవాబు దానిదే గదా!"

అనిల అడిగింది. పిల్ల దిక్కులు చూసింది. చూడాల్సిందే, మాట ఇంకా దారిలో ఉంది.

మరునాడు పద్మప్రియతో కలిసి, ఆధార్ కార్డులు చూపించి ఫ్రీ బస్సెక్కారు. లింగంపేట దాకా నిలబడే వచ్చారు. కామారెడ్డిలో మీటింగు పెట్టిన బడి వరండాలో తల్లులు, తండ్రులు, చక్రాల కుర్చీలు. పదకొండయింది. పెద్దసారు రాలేదు. వీడియో కాన్ఫరెన్సులో ఉన్నాడట. తహసీల్దారు వస్తున్నాడంటే పొద్దున ఊడ్చిన వాకిలిని మాపటికి మళ్లీ ఊడ్చిన ఊళ్లు ఇవి. గుర్రాలు పోయి జీపులొచ్చాయి, జీపులు పోయి కార్లొచ్చాయి. రాక మాత్రం ఇప్పటికీ గుర్రం మీదనే.

సాయిలత వరండా చివరి నీళ్ల నల్లా వైపు చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి "సాయిలత" అంది. కాసేపటికి "నాలుగో తరగతి" అంది. తర్వాత "ఎర్రది". తర్వాత చేయి చాపి "ఐదు".

బీర్కూర్ నుంచి కొడుకును ఎత్తుకొచ్చిన యాకూబు నవ్వాడు. "చెల్లే, సార్ రాకముందే పరీక్ష పాసైపాయె నీ బిడ్డ!"

అనిల నవ్వలేదు. ఒక్కటీ తప్పు పోలేదు. విన్నది మాత్రం నల్లా.

అన్నాల వేళ దాటినాక పిలుపు వచ్చింది. పెద్దసారు తల ఎత్తకుండానే అడిగాడు. పేరేంది? ఏ తరగతి? ఎర్ర ఫైలు చూపి, ఇది ఏ రంగు? సాయిలత గమ్మున ఉంది. నిన్న ఈ నిమిషాలకు ఇంట్లో ఇంకా ఎవరూ ఏమీ మాట్లాడలేదు మరి, అనిల బీడీలు చుడుతోంది.

"సార్, ఈ పాపకు ఒక రోజు..." అంది పద్మప్రియ.

"తెలుసు మేడం. కూసున్న కాడ వచ్చిన జవాబే రాసుకుంటం. రేపటిదాంక నన్ను ఈడనే పండుమంటరా?" సారు కలం మూత తీశాడు. "ఆఖరుకు ఇదన్న చెప్పు పాపా. అమ్మ లేకుంట బడిల ఉంటవా?"

సాయిలత తల్లి వైపు తిరిగింది.

"నువ్వు పో అమ్మా. నేనుంట."

గదిలో అందరూ నవ్వారు. "అరె, ఎంత మంచిగ చెప్పింది! పిల్లది పొమ్మంటున్నది, తల్లే కొంగు ఇడుస్తలేదు. ఏమమ్మా?" అన్నాడు సారు.

అది నిన్నటి మాటకు జవాబని అనిలకు తెలిసింది. నిన్న సరిగ్గా ఈ నిమిషానికి దుబాయ్ నుంచి పెనిమిటి నగేశ్ ఫోన్ చేశాడు. ఈడ పని ఉన్నది, నువ్వు గూడ రారాదా, అన్నాడు. బీడీకి దారం చుడుతూనే ఆమె అన్నది: "ఇది నా కాళ్లకు కట్టిన బండ. ఇది లేకుంటే ఎప్పుడో వస్తుంటి." పిల్ల పక్కనే ఆకు తుంపులతో ఆడుకుంటోంది. ఆ ఇంట్లో జరిగే తప్పే అది. వెంటనే జవాబు రాదు గనుక విననట్టే అనుకుంటారు. మాట రేపటికి చేరుతుందని అందరికంటే బాగా తెలిసినవాళ్లే మరిచిపోతారు.

పద్మప్రియ దగ్గరికి వంగింది. "అక్కా, ఇది దేనికి జవాబు?"

చెప్తే, తను ఏమన్నదో చెప్పాలి. చెప్తే కలం ఇంటి దగ్గర చదువు మీదికే పోతుంది.

"సార్ అడిగినదానికే," అంది అనిల.

సారు రాశాడు. పిల్ల బడిలోనే ఉండాలి. ఆయా అక్కరలేదు. తల్లి గేటు లోపలికి రావద్దు.

మరునాడు గేటు దగ్గర అటెండరు హనుమాండ్లు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ఏమనుకోకక్కా. పెద్దసారు రాసిండంట. నేనేం జేయాలె?"

అనిల ప్రహరీ బయట, తరగతి కిటికీకి ఎదురుగా చాట పెట్టుకొని కూర్చుంది. ఆకు కత్తిరించింది గానీ ఒక్క బీడీ చుట్టలేదు. అన్నాల గంట మోగింది, పిల్లలు మళ్లీ లోపలికి పోయారు. కాసేపటికి కిటికీలోంచి వినపడింది.

"సాయిలత."

పిల్లలు నవ్వారు.

"నాలుగో తరగతి."

మళ్లీ నవ్వారు. "గప్‌చుప్!" అన్నాడు మాస్టరు.

"ఎర్రది."

అనిల లేచి నిలబడింది. తర్వాతి ప్రశ్న ఏదో ఆమెకు తెలుసు. నిన్న పెద్దసారు ఆఖరుకు అడిగినది.

"ఉండ సార్. అమ్మ లేకుంటే భయమైతది."

"ఏందే, కామారెడ్డిల ఉంటనన్నవంట గదా!" అన్నాడు మాస్టరు. "కూసో. పుస్తకం తియ్."

అనిల గోడకు రెండు చేతులూ ఆనించి మునివేళ్ల మీద లేచింది. "ఈడనే ఉన్న బిడ్డా! ఏడికి పోలే!" అని గొంతు పగిలేటట్టు అరిచింది. తరగతిలో తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. ఒక్క తల మాత్రం తిరగలేదు.