పదకొండో చుక్క

నాలుగు న్యూట్రాన్లు ఒకచోట నిలవవు. ఒకదాన్నొకటి కాస్త లాక్కుంటాయి గానీ, ఆ లాగుడు కాపురానికి చాలదు. అయితే విడిపోయే ముందు, రెప్పపాటును కోటానుకోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత సేపు కలిసుంటాయని ప్రొఫెసర్ పదేళ్ల కిందట లెక్కగట్టాడు. ఆ కలయికనే రెజొనెన్స్ అంటారు. ఆయన పేరు మారుమోగింది. ఆ లెక్కను నమ్మి ఊరవతల పెద్ద ప్రయోగశాల కూడా కడుతున్నారు.

అదే లెక్కను ఇంకా నిశితంగా చేసే పనిని ఆయన కొత్తగా చేరిన పరిశోధకురాలికి అప్పగించాడు. నాలుగు కణాలనూ ఒక ఊహాగిన్నెలో బంధించి, గిన్నె లోతు మెల్లగా తగ్గిస్తూ, మెట్టు మెట్టుకీ శక్తి ఎంతో గ్రాఫు మీద చుక్క పెట్టాలి. అప్పట్లో ఆయన ఏడు చుక్కలు పెట్టి, వాటి మీదుగా తిన్నగా గీత గీసి ఆగాడు. ఆమె ఆగలేదు. ఎనిమిదో చుక్క దగ్గర గీత వంగింది. పదకొండో చుక్కకు రెజొనెన్స్ జాడే లేదు. గిన్నె పట్టి ఉంచినంతసేపే అవి కలిసున్నాయి.

తప్పు తనదేననుకుని మూడుసార్లు మళ్లీ చేసింది. అదే జవాబు. గ్రాఫు పట్టుకుని ఆయన గదికి వెళ్లింది. ఆయన చాలాసేపు చూసి, లేచి తలుపు మూశాడు.

“ఇంకెవరికైనా చూపించావా అమ్మా?”

“లేదండీ. ముందు మీకే.”

“మంచి పని చేశావు. ఏడో చుక్క దగ్గర ఆపెయ్.”

“మూడుసార్లు సరిచూశానండీ...”

“ఆపెయ్యమన్నాను కదా.”

గొంతు పెంచలేదు.

మర్నాడు పొద్దున ఆమె పాస్‌వర్డ్ పనిచేయలేదు. కింద కంప్యూటర్ గదిలో యంత్రాలు చూసుకునే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆమె దిగి వెళ్తే ఆయన తలెత్తలేదు.

“నా ఫైళ్లేవి బాబాయ్?”

“చెరిపెయ్యమని పైనుంచి చెప్పారమ్మా.” గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. “నీకు ముందు ఒకమ్మాయి ఇదే లెక్క చేసింది. తొమ్మిదో చుక్కదాకా వెళ్లింది. ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలీదు. ఊరుకో తల్లీ.”

ఊరుకునేదేమో. కానీ ఆ మధ్యాహ్నం ఒక సైన్స్ పత్రిక నుంచి ఆమె ఫోనుకి మెయిల్ వచ్చింది: మీ వ్యాసం అందింది. తెరిచి చూస్తే ఏడు చుక్కలు, తిన్నటి గీత, ప్రొఫెసర్ పేరు కింద తన పేరు. నోరు మూసుకుంటే ఆ అబద్ధం ఇక తనది కూడా.

నోటుబుక్కులో రాసుకున్న పదకొండు అంకెలూ వరసగా టైపు చేసింది. ‘ఈ వ్యాసంతో నాకు సంబంధం లేదు. నాకు వచ్చిన లెక్క ఇది’ అని రాసి పత్రికకు పంపింది.

వారం తిరిగేసరికి వ్యాసం అచ్చు కాకుండా ఆగింది. ఆ మర్నాడే ఆమె కుర్చీ, బల్ల వరండాలో ఉన్నాయి. క్యాంటీన్‌లో ఆమె కూర్చోగానే పక్కవాళ్లు పళ్లేలు తీసుకుని లేచారు. సంచీ సర్దుకుని వెళ్తుంటే మెట్ల దగ్గర ప్రొఫెసర్ ఎదురై నవ్వాడు.

“ఎక్కడికి వెళ్లినా నీ గురించి నన్నే అడుగుతారమ్మా.”

మూడు చోట్ల దరఖాస్తు పెట్టింది. రెండు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడోచోటి నుంచి ఒక్క వాక్యం వచ్చింది: ‘మీ ప్రొఫెసర్‌గారి ఉత్తరం చూశాం.’

దరఖాస్తులో ఆమె ఆయన పేరు ఎక్కడా రాయలేదు.