ఉన్నాను సార్

నాకు బద్ధకం ఎక్కువ. ఈ కథంతా దానివల్లే వచ్చింది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

పలాసలో పాసింజరెక్కి పూండిలో దిగి, ఇసకలో సైకిలు తొక్కుకుంటూ సముద్రం ఒడ్డునున్న మా బడికి చేరేసరికి తలప్రాణం తోకకొచ్చేది. ఎవరొచ్చారో ఎవరు రాలేదో చూసే ఓపిక ఎక్కడిది? హాజరు తగ్గితే పిల్లలకి నెలనెలా ఇచ్చే బియ్యం ఆగిపోతాయి, చీవాట్లు నాకు పడతాయి. అందుకని వారం మొత్తానికి సోమవారమే హాజరు వేసి పారేసేవాణ్ణి.

కుమారికీ అలాగే వేశాను. తొంభై తొమ్మిది ఆగస్టు పదిహేడు, మంగళవారం. ఆ పొద్దున ఆ పిల్ల బడికి రాలేదు. వలలోంచి జారిన చేపలేరుకోవడానికి ఒడ్డుకెళ్ళింది, కెరటం లాక్కుపోయింది. శవం దొరకలేదు. నా రిజిస్టర్లో మాత్రం నాలుగో తరగతి, పదకొండో నంబరు, హాజరు.

పేరు కొట్టేద్దామని పెన్ను తీసిన రోజు వాళ్ళ నాన్న బైరాగి వరండాలో నిలబడి ఉన్నాడు. చేపల వేటకెళ్ళే మనిషే అయినా అతనే మా బడి కమిటీ ఛైర్మను. మండలాఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి బడికి స్లాబు వేయించింది అతనే. బడిలో బిడ్డ చదువుతుంటేనే కమిటీలో ఉండొచ్చని రూలు. అతనికి కుమారి ఒక్కతే.

"కొట్టకండి మాస్టారూ. పేరు కొట్టీతే నాను కమిటీలో ఉండను. కమిటీలో నేకపోతే రోజూ బడికొచ్చి దాని పేరు ఇనడానికి నాకేటి పనుంతాది?"

ఊరుకున్నాను. అతను రోజూ వచ్చి వినేవాడు. అతని కోసం సోమవారం పద్ధతి మానేసి, నేనూ రోజూ పేరు పిలిచి, కాస్త ఆగి, టిక్కు పెట్టేవాణ్ణి. మా పిల్లలంతా "పెజెంట్ సార్" అంటారు. కుమారి ఒక్కతే, ఎన్నిసార్లు కసిరినా, "ఉన్నాను సార్" అనేది. నెలనెలా ఆ పేరు కొత్త పేజీలోకి ఎక్కించాను. జూన్‌లో ఐదో తరగతికి పాస్ చేశాను కూడా. జాలి అని చెప్పుకునేవాణ్ణి. కాదు, భయం. పేరు కొట్టేస్తే పోయిన తేదీ రాయాలి, ఆ రోజు నేను వేసిన హాజరు బయటపడుతుంది.

ఐదో తరగతి పిల్లలు గోడవార ఒక మనిషి జాగా వదిలి కూర్చునేవారు. జరగమంటే జరిగేవారు కాదు. ఎర్రటి ఎండల్లో కూడా అక్కడ నేల చెమ్మగా ఉండేది. "ఏం స్లాబు వేయించావయ్యా, అప్పుడే కారుతోంది" అని బైరాగిని ఎగతాళి చేశాను. అతను నవ్వలేదు.

రెండువేలలో మళ్ళీ కమిటీ ఎన్నికలొచ్చాయి. బైరాగి మళ్ళీ నిలబడ్డాడు. పోటీకి దిగిన పెంటయ్య, ఎన్నిక జరిపించడానికి మండలం నుంచి వచ్చిన భాస్కరరావుగారిని నిలదీశాడు.

"బళ్ళో పిల్లనేనోడు కమిటీలో ఎలగుంతాడు బాబూ?"

భాస్కరరావుగారికి ఊరి సంగతి తెలియదు. రిజిస్టరు తిప్పి చూశారు. "నిన్నటిదాకా హాజరే ఉందిగా. పిలవండి మాస్టారూ, తేలిపోతుంది."

తల్లిదండ్రులంతా చూస్తున్నారు. పది పేర్లు పిలిచాను. పదిమందీ పలికారు. పదకొండో పేరు దగ్గరికొచ్చాను.

"కుమారి."

"ఉన్నాను సార్."

గోడవార నుంచి వచ్చింది ఆ గొంతు.

భాస్కరరావుగారు కాగితాల్లోంచి తలెత్తకుండానే టిక్కు పెట్టి, "ఉందిగా, ఇంకేం" అన్నారు. పెంటయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇక బైరాగికి అడ్డులేదు. అతను నిలబడ్డచోటే ఏడుస్తున్నాడు, సంతోషంతో.

అప్పుడు అతని భార్య దేముడమ్మ లేచింది.

"ఇన్నావా? ఏడాదై గుమ్మంకాడ కూకుని సూత్తన్నాను. ఒక్కపాలైనా నా గుంట ఇంటికి రానేదు. కల్లోకైనా రానేదు. మీరిక్కడ పిలుత్తంటే ఇక్కడే ఉండిపోనాది. దాన్ని ఒగ్గీయండి, ఇంటికి రానీయండి."

బైరాగి గోడవైపు చూశాడు. పేరు పోతే పదవి పోతుంది. పదవి సంగతి సరే, ఆ గొంతు మళ్ళీ వినపడదు.

"కొట్టీయండి మాస్టారూ" అన్నాడు.

కొట్టేశాను. అదొక్కటే చాలదని నాకు తెలుసు. ఆ రోజు హాజరు ఉన్నంతకాలం ఆ పిల్ల బడి వదలదు. బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి ఆగస్టు పదిహేడు మీద వేలు పెట్టాను. "ఆ రోజు కుమారి బడికి రాలేదు. చూడకుండా హాజరు వేశాను. తప్పు నాది." ఉద్యోగం ఏమవుతుందో అనిపించింది గానీ ఆ మాట అనేశాక గుండె తేలికపడింది.

"ఇంటి గంట కొట్టండి బాబూ" అంది దేముడమ్మ.

పొద్దున పదకొండింటికి ఇంటి గంట కొట్టాను. పిల్లలెవరూ కదల్లేదు. దేముడమ్మ గుమ్మంలో పక్కకి తప్పుకుని దారిచ్చింది. చెయ్యి చాపి, పుస్తకాల సంచీ అందుకున్నట్టుగా భుజానికి తగిలించుకుంది. "రాయే, అన్నం సల్లారిపోతంది" అంటూ జీడితోటల దారిపట్టింది. వెనకాలే బైరాగి, ఇద్దరి మధ్యా కాస్త జాగా వదిలి, నాలుగడుగులకోసారి నడక తగ్గించుకుంటూ వెళ్ళాడు. చిన్నపిల్ల కదా, వాళ్ళంత వేగంగా నడవలేదు.