వెన్న వేలిముద్ర

రాతి మీద రాయి పెట్టి, మధ్యన ఇసుకా నీళ్ళూ పోసి, అన్సెల్మ్ రెండు చేతులతో గుండ్రంగా తిప్పుతున్నాడు. మోంపర్నాస్ పేటలో, రాతి మీద గీసిన బొమ్మను కాగితాల మీదికి దించే ఆ అచ్చుశాలలో అతని పని అదొక్కటే. అచ్చు ముగిసిన రాతి మీది బొమ్మను అరగదీసి, మరో బొమ్మకు సిద్ధం చేయడం. యుద్ధానికి ముందు సబ్బుల ప్రకటనలు అరగదీశాడు, యుద్ధంలో రేషన్ చీట్లు అరగదీశాడు, ఇప్పుడు చిత్రకారుల నల్లటి సుడులు అరగదీస్తున్నాడు. రాళ్ళతోపాటు అతని వేళ్ళూ అరిగాయి. గీతలన్నీ ఎప్పుడో చెరిగిపోయి, కుడి బొటనవేలి మీద పాత గాటు ఒక్కటే మిగిలింది.

ఆ రోజు అతని ఆఖరి పనిదినం. సాయంత్రం రైలుకు తూర్‌లో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోతున్నాడు. ఇన్నేళ్ళలో అతను సిద్ధం చేసిన రాయి ఒక్కటీ తప్పుందని వెనక్కి రాలేదు. ఆ పేరు నిలబెట్టుకుని గడప దాటాలని మనిషికి మహా ఆశ.

కాఫీ వేళకే ఆ ఆశకు గండి పడింది. మేస్త్రీ ఫిర్మాన్ తొలి నమూనా కాగితాన్ని రాతి మీంచి ఎత్తి ముఖం చిట్లించాడు. ఎద్మే వాసోర్ అనే చిత్రకారిణి నిన్న చీపురంత కుంచెతో ఆ రాతి మీద వేసిన బొమ్మ అది. బొమ్మంటే బొమ్మా కాదు, ఒక పెద్ద నల్లటి విసురు, చుట్టూ చిందులు. కింద తెల్లటి మూలలో మాత్రం చిన్న మచ్చ, దాని మధ్య అడ్డంగా గాటు. రాతి మీద జిడ్డు తగిలిన చోట సిరా పట్టేస్తుంది. మొన్న వీడ్కోలు విందని అందరూ అన్సెల్మ్‌కు వెన్న రొట్టె తినిపించారు. ఆ చేత్తోనే ఈ రాయి ఎత్తాడు.

“ఏం ముసలాడా, తిన్నాక చెయ్యి కడుక్కోమని కూడా నేనే చెప్పాలా?”

అన్సెల్మ్‌కు తల కొట్టేసినట్టయింది. “నాదే. అమ్మగారు ఒప్పుకుంటే మళ్ళీ అరగదీసిస్తాను.”

“అరగదీస్తే ఆవిడ బొమ్మా పోతుంది గదయ్యా.”

ఎద్మే వచ్చి కాగితం చూసింది. “ఎవరిదీ వేలు?”

“నాదేనమ్మగారూ. వెన్న.”

ఆమె అతని బొటనవేలిని మచ్చ పక్కన పెట్టి చూసి, దగ్గొచ్చేదాకా నవ్వింది. “యుద్ధం అయ్యాక నాకు మనుషుల ముఖాలు గీయబుద్ధి కాలేదు, అన్సెల్మ్. చెయ్యి ఎటు తిరిగితే అటు పోనిచ్చాను. ఆ చెయ్యి తిరిగిన జాడే నా బొమ్మ. ఇప్పుడు ఇంకో చెయ్యి చేరింది, అంతేగా? ఉండనీ.”

పెన్సిలుతో కాగితం కింద ‘ఇలాగే అచ్చు వేయండి’ అని రాసి సంతకం చేసింది. ఆ మాట పడ్డాక అచ్చుశాలలో ఇక తిరుగులేదు. ప్రతి కాగితమూ దానిలాగే రావాలి. పాపం ఫిర్మాన్, తిట్టిన నోటితోనే రోజంతా ఆ వేలికి కాపలా కాశాడు. “ముసలాడి గాటు సరిగ్గా పడలేదు” అని ఒక కాగితం చింపాడు కూడా. అన్సెల్మ్ నవ్వు ఆపుకోలేక రాళ్ళు అరగదీసే తొట్టి వైపు తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రం అచ్చు ముగిసి, ఆనవాయితీ ప్రకారం రాయి తొట్టి దగ్గరకు వచ్చింది. నల్లటి విసురు సగం అరిగేసరికి ఫిర్మాన్ వెనకనుంచి అతని భుజం పట్టుకున్నాడు.

“ఆ మూల వదిలెయ్.”

“రాయి ఎగుడుదిగుడవుతుంది గదా.”

“అవనీ. చిన్న కాగితాలకు వాడుకుంటాం. నువ్వు పోయాక నేనెవర్ని తిట్టాలి?”

అన్సెల్మ్‌కు కళ్ళు చెమర్చాయి. మూల వదిలి మిగతాదంతా అరగదీసి కడిగాడు. సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, ఫిర్మాన్‌కు ఎత్తి చూపించి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తొట్టి పక్కన రాయి ఆరుతోంది, ఒళ్ళంతా నున్నగా, బూడిద రంగులో, మూలన ఒక్క నల్లటి బొటనవేలితో.